యారాడ వసారాలో ఒక నిద్ర

నిద్ర అనేది పనిలేనివాళ్ళ వ్యవహారమని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. పద్మనాభం ఊరి వైపు ఒకప్పుడు మా ముత్తాత మాట కాదని కాలువ కూడా పారేది కాదట (భూములన్నీ పోయాక మాకు మిగిలిన ఆస్తి ఈ 'అట' ఒక్కటే). ఆ ఇంటి వారసుణ్ణయిన నేను గాజువాకలో అద్దె గదిలో ఉంటూ, ఉక్కు ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగ పరీక్షకు చదువుతుండేవాణ్ణి. నాతోపాటు ఆ గదిలో ఉండేవాడు పోర్టులో పనిచేసే యారాడ కుర్రాడు. వాడు మొదటి రోజు నుంచే నన్ను 'బావ' అన్నాడు. నేను ఒప్పుకున్నానో లేదో కనుక్కోలేదు. ఇకపోతే, అప్పుడప్పుడూ నాకు మనసు పైపైకి లేచిపోయే రోజులు వచ్చేవి. డాక్టరుగారు దానికొక జబ్బు పేరు చెప్పి, రాత్రిపూట వేసుకోమని మాత్ర ఇచ్చారు. అది జబ్బు కాదని, మా ముత్తాత రక్తం నాలో కాస్త ఆలస్యంగా మేల్కొందని నిశ్చయించుకుని, నేను మాత్ర మానేశాను.

పరీక్ష వారంలోనే ఆ రక్తం పూర్తిగా మేల్కొంది. వరసగా కొన్ని రాత్రులు కన్ను మూతపడలేదు, అలసటా లేదు. మాదిరి పేపర్లో ప్రశ్న సగం చదివేసరికి గొప్ప గొప్ప జవాబులు తోచేవి. కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో అవేవీ ఉండేవి కావు. వయసు దాటిపోతున్న నాకు అదే ఆఖరి అవకాశం. పరీక్ష ముందురోజు మధ్యాహ్నం మా వాడు డ్యూటీ దిగి వచ్చేసరికి, నేను కుర్చీ ఎక్కి నిలబడి, ఓడరేవును ఏ దిక్కుకు తిప్పి కట్టాలో ఇంటి ఓనరుకు వివరిస్తున్నాను. ఆయన పాపం గుమ్మం వైపే చూస్తున్నాడు. మా వాడు బయటికెళ్ళి డాక్టరుగారికి ఫోన్ చేశాడు. మాత్ర వేయించి చీకట్లో పడుకోబెట్టమన్నారట, ఎవరూ మాట కలపవద్దన్నారట. ఈ రాత్రి కూడా నిద్రపోకపోతే పరీక్ష సంగతి మరిచిపోయి, తెల్లారగానే ఆసుపత్రిలో చేర్చమన్నారట. అది విన్నాక మొదటిసారి భయపడి కుర్చీ దిగాను. నోరు మాత్రం ఆగలేదు.

"ఈ గదిలో నువ్వు తొంగోవు బావ. మాయింటికి ఎల్లిపోదాం, మాయమ్మ సూసుకుంటాది," అన్నాడు. కొండ దాటేవరకూ బండి వెనక కూర్చుని నేను మాట్లాడుతూనే ఉన్నాను.

వాళ్ళది చేపల వేటకెళ్ళే ఇల్లు. సముద్రం మీదికి వెళ్ళే మగవాళ్ళు పొద్దుండగానే తిని పడుకుంటారు. పడుకున్నవాణ్ణి ఎవరూ పలకరించరు, వాడు పలకరించినా బదులివ్వరు. నాకు లోపల పిల్లల పక్కన చాప వేశారు. మా ఇళ్ళలో మగవాళ్ళు వంటగది పక్కన పడుకోరని చెప్పి, నేను వీధి వసారా చూపించాను. అక్కడ అప్పటికే మా వాడి తండ్రి, అన్న పడుకుని ఉన్నారు. వాళ్ళమ్మ కాస్త సందేహించింది.

"ఆడ ఏటకెల్లేవోళ్ళు తొంగుంటారు బాబు."

అయితే నా చోటు అక్కడే అన్నాను. ఆవిడ చాప తెచ్చి వేసి, నీళ్ళ గ్లాసూ మాత్రా పట్టుకుని నిలబడింది. పెద్దావిణ్ణి అలా నిలబెట్టడం మా ఇంటావంటా లేదు గనక మాత్ర మింగాను (డాక్టరుగారు ఆర్నెల్లు చెప్పినా ఆ పని జరగలేదు).

చీకటిపడింది. నేను ఓడరేవు సంగతి మళ్ళీ మొదలుపెట్టాను. పక్కనున్న ఇద్దరూ ఊఁ కొట్టలేదు. లోపల పిల్లలు కూడా కిక్కురుమనలేదు. ఊఁ కొట్టేవాడు లేకుండా ఎంతటి వంశోద్ధారకుడైనా ఎంతసేపని మాట్లాడగలడు? మాట ఆగిన చోటల్లా రేపటి ఆసుపత్రి మంచం కనిపించేది. ఆ భయాన్ని కప్పెట్టడానికి మళ్ళీ మాట్లాడేవాణ్ణి. ఎక్కడ ఆపానో తెలియదు.

ఎవరో కాలు పట్టి గుంజారు. "నెగు, నెగు. గాలి బాగుంది."

చుట్టూ కటిక చీకటి. లేచి కూర్చునేలోపే మా వాడి తండ్రి నా భుజాన తాడు చుట్ట వేసి, సముద్రం వైపు నడిచాడు. ఆ వసారాలో పడుకున్నవాడెవడైనా ఆయన లెక్కలో వేటకెళ్ళేవాడే. నేను అరిచిన అరుపుకి ఇంటిల్లిపాదీ లేచారు. ఇన్నాళ్ళకు పట్టిన కాస్త నిద్రనూ చెడగొట్టారని, నా పరీక్ష సముద్రంలో కలిసిందని, నా బతుకూ దాంతోపాటే పోయిందని చెప్పాను. ఆవిడ ముందు మొగుణ్ణి కేకేసి, ఆ బాబుది ఏట కాదు, పరీచ్చ అని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సీకటి పడిన కాసేపటికే తొంగున్నావు. ఇప్పుడు మూడయ్యింది. మాకు ఇదే తెల్లారడం. ఇంకెంత తొంగుంటావేటి బాబు?"

తాడు భుజాన ఉండగానే వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాను. చెడిపోయిందనుకున్న నిద్ర నిండు నిద్రే. నాకు తెలియకుండా ఒక రాత్రంతా పడుకున్నాను.

పరీక్షలో ప్రతి ప్రశ్నకూ ఒక్క జవాబే తోచింది. అది కింద ఉన్న నాలుగింటిలో ఉంది కూడా. హాలు బయటికి రాగానే మా వాడు నన్ను నేరుగా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకు ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు మాత్ర తప్పకుండా వేసుకుంటాను, పెందలాడే పడుకుంటాను. ఒక్కోసారి, కుర్చీ ఎక్కి ఓడరేవును తిప్పిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. నాకంటే నిటారుగా నడిచేవాడు, నాకంటే చాలా బాగా మాట్లాడేవాడు, సందేహమన్నది ఎరగడు. నిద్రపోవడం ఒక్కటే చేతనయ్యేది కాదు, పాపం.