గంట కొట్టని బాట

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం, ఎదురుగా వస్తున్న సైకిలు గంట విని, దారి ఇద్దామని ఎడమకు జరిగాను. తలెత్తి చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. మలుపు దాకా బాట తెల్లగా, ఖాళీగా ఉంది. జరిపిన కాలి కింద రాతిపొడి సర్రున జారింది. చిన్న రాళ్లు కొన్ని అంచు దాటిపోయాయి. అవి కింద నీళ్లలో పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు. అప్పటికే వెనక నుంచి ఎవరో నా బడిసంచి పట్టీని బిగించి పట్టుకుని ఉన్నారు.

పట్టుకున్నది మా పక్కింటి మామ. ఆయన రెండో చేతిలో, నా సైకిలు నుంచి ఊడదీసిన గంట ఉంది.

మాది ఎర్రగుంట్ల వైపు, నాపరాళ్ల గనుల నడుమ ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వరసగా వానలు లేక పైర్లు ఎండిపోయి, ఊళ్లో సగం మంది రాయి మీదే బతుకుతుండేవాళ్లు. మగవాళ్లు గనుల్లో, ఆడవాళ్లు రాళ్లకు పాలిష్ పట్టే షెడ్లలో. ఎవరి కనురెప్పల మీద చూసినా తెల్లటి పొడే. సాయంత్రం పని దిగి వచ్చేవాళ్లను దూరం నుంచి చూస్తే మనుషుల్లా కాక, సున్నం కొట్టిన బొమ్మలు నడిచి వస్తున్నట్టు ఉండేది.

ఊరికి, అవతలి రోడ్డుకు మధ్య రెండు పెద్ద గనులు. వాటి హద్దు మీద రాయిని ఎవరూ తవ్వకూడదు. ఈ పక్క ఆసామి ఈ పక్క తవ్వుకుంటూ పోయాడు, ఆ పక్క ఆసామి ఆ పక్క. హద్దు మాత్రం మధ్యలో గోడలా నిలబడిపోయింది. దాని నెత్తి మీదే మా బాట. ఒక మనిషి, ఒక సైకిలు పక్కపక్కన పట్టేంత వెడల్పు. ఊరికి తిరిగి వచ్చేటప్పుడు కుడిపక్క ఎండు గని, ఎడమపక్క పాడుబడి నీళ్లు నిండిన గని. ఆ నీళ్లు పచ్చగా, కదలకుండా ఉండేవి. కొంగ కూడా వాలేది కాదు. పాలిష్ షెడ్లు, సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ, మా హైస్కూలు అన్నీ అవతలే. చుట్టూ తిరిగి పోదామంటే సిమెంటు లారీల రోడ్డు. ఆ రోడ్డు మీద పిల్లల్ని పంపడానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకునేవాళ్లు కాదు.

నాకు సైకిలు రావడానికి ముందు సంవత్సరం, పక్కింటి అక్క ఆ నీళ్లలో పడి చనిపోయింది. ఆమె పాలిష్ షెడ్డులో పనిచేసేది. పొద్దు వాలే వేళ ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు ఇంటికి వస్తున్నారు, అక్క అందరికంటే వెనక. ఎదురుగా సైకిలు గంట మోగిందట. అందరూ ఎడమకు తప్పుకున్నారు. సైకిలు రాలేదు. రాళ్లు జారిన చప్పుడు, నీళ్ల చప్పుడు వినిపించి వెనక్కి తిరిగితే అక్క లేదు. వెనక మలుపు దగ్గర కొంచెం దుమ్ము లేచి ఉంది. అయితే ఆ బాటలో దుమ్ము ఎప్పుడూ లేచే ఉంటుంది.

గంట ముందర నుంచే మోగిందని అందరూ చెప్పారు. ఒట్టు పెట్టుకుని మరీ చెప్పారు. ముందర మనిషి లేడనీ అందరూ చెప్పారు. మనిషి లేని గంట దెయ్యానిది కాక ఇంకెవరిదవుతుంది? ఆ మాట ఊరంతా కుదురుకుంది. కొద్ది రోజుల్లోనే ఊళ్లో సైకిళ్లకు గంటలు లేకుండా పోయాయి. ఎవరూ చాటింపు వేయలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్కరే పీకేసుకున్నారు. దెయ్యానికి జవాబు చెప్పినట్టు అవుతుందని భయమట.

ఆ ఊళ్లోకి మా నాయన నాకోసం ప్రొద్దుటూరు నుంచి పాత లేడీస్ సైకిలు తెచ్చాడు, మెరిసే గంటతో సహా. టీ అంగడి ముందు దాన్ని నడిపించుకుంటూ వస్తుంటే అంగడి ఆయన కేక వేశాడు. "ఏం పాపా, గంట ఉండే సైకిలు తెచ్చుకుంటివే! దెయ్యానికి జత కావాల్నంటనా?" అక్కడున్నవాళ్లు నవ్వారు. నవ్వుతూనే ఒకాయన గంట వైపు చూసి గబుక్కున చూపు తిప్పుకోవడం నాకు బాగా గుర్తు.

ఇంట్లో మా జేజి, అంటే మా నాయన తల్లి, నవ్వలేదు. "ఏడో తరగతి అయిపాయ, చదివింది చాలు. ఆ బాటన పాపను పంపిస్తే నేను కూడు ముట్టను" అని తెగేసి చెప్పింది. మా ఊళ్లో బడి ఏడుతో సరి. ఎనిమిది చదవాలంటే ఆ బాట దాటాలి. నాయన తల వంచుకుని కూర్చున్నాడు. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది, నాకు అన్నం దిగడం లేదు. నాతో చదివిన ఆడపిల్లల్లో కొందరు అప్పటికే పాలిష్ షెడ్డులో కుదిరిపోయారు.

అప్పుడు గోడ అవతల నుంచి పక్కింటి మామ మాట వినిపించింది. చనిపోయిన అక్క నాయన ఆయన. సైకిలు మీద బొరుగుల మూట, అంటే మరమరాల మూట, కట్టుకుని ఊరూరా అమ్మేవాడు. కూతురు పోయిన నెల తిరగకముందే మళ్లీ అదే బాటన ఫ్యాక్టరీ కాలనీకి పోవడం మొదలుపెట్టాడని ఊరు విడ్డూరంగా చెప్పుకునేది. "పెద్దమ్మా, పాపను ఒక్కపూట నాతో పంపు. బాట చూపిస్తా. ఆ పైన నీ ఇష్టం" అన్నాడు. మా జేజి గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. "నువ్వే అడిగితే నేనేమనాల అప్పా" అంది చివరికి.

పొద్దు వాలే వేళే, బడిసంచి తగిలించుకోమని తీసుకుపోయాడు. ఇంటి దగ్గరే నా సైకిలు గంటను స్పానరుతో విప్పి చేతిలో పెట్టుకుని, అవతలి కొస దాకా నడిపించాడు. ఇద్దరం ఊరి వైపు తిరిగాం. "నువ్వు ముందర నడువు పాపా. గంట వినపడితే దారి ఇయ్యి. అంతే పని." వెనక్కి తిరిగి చూడొద్దన్నాడు. నేను నడిచాను. గనుల్లో పని ఆగిపోయింది. గాలి లేదు. నా చెప్పుల చప్పుడే ముందు ఎవరో నడుస్తున్నట్టు తిరిగి వినిపిస్తోంది. మొదటి మలుపు దాటాక గంట మోగింది. ముందర నుంచి, స్పష్టంగా, దగ్గరగా. నా జడ కింద చెమట చల్లబడింది. ఎడమకు జరిగాను. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

"గంట యాడ నుంచి వచ్చె?" అని అడిగాడు మామ, నా సంచి వదలకుండానే. ముందర నుంచి అన్నాను. "నేను యాడ ఉండా?" వెనక. ఆయన తల ఊపాడు. బాట కొంచెం వెడల్పుగా ఉన్నచోట నన్ను కూర్చోబెట్టి, నాలుగు అడుగులు వెనక్కి వేసి, ఇందాకటి రాతి కుప్ప చాటు నుంచే మళ్లీ మోగించాడు. కొట్టేది ఆయనేనని తెలిసి కూడా, నా చెవులు ముందరనే అన్నాయి. ఎదురు మలుపులో గని అంచు నిలువునా కోసిన గోడలా ఉంది. గంట దానికి తగిలి తిరిగి వస్తుంది. వెనక ఉన్న వేస్టు రాళ్ల కుప్ప అసలు చప్పుడును మింగేస్తుంది. చెవికి అందేది తిరిగి వచ్చిందే.

తర్వాత ఆయన నింపాదిగా చెప్పిన సంగతి ఇది. నీళ్లంటే భయం కాబట్టి నడిచేవాళ్లు ఎండు గని వైపు ఒత్తుకుని నడుస్తారు. వెనక నుంచి వచ్చే సైకిలు ఖాళీగా ఉన్న నీళ్ల వైపు నుంచి దాటిపోవాలని చూస్తుంది. గంట ముందర వినిపిస్తే మాత్రం నడిచేవాళ్లు అలవాటు కొద్దీ ఎడమకు, అంటే నీళ్ల వైపే జరుగుతారు. సరిగ్గా సైకిలు వచ్చే దారిలోకి.

"అందుకని నోటితో చెప్పాల పాపా. మాట యాడ నుంచి వచ్చినా ఏ పక్కో చెప్తాది. గంటకు నోరు యాడ ఉండాది?" అన్నాడు. వరస పెట్టి పిలవాలి, అక్కా అనో అన్నా అనో. ఏ పక్క నుంచి వస్తున్నామో చెప్పాలి. చెప్పి, కాలు నేలకు ఆనించి ఆగాలి. ముందు మనిషి 'రా' అన్నాకే పెడలు తొక్కాలి. 'రా' అనకపోతే దిగి నడిపించుకుంటూ పోవాలి. చెవులు వినపడని ముసలివాళ్లుంటారు, ఏడుస్తూ నడిచేవాళ్లుంటారు, తొందర మనది గానీ వాళ్లది కాదన్నాడు.

నాకు భయం తీరి, సంతోషం వచ్చింది. "అయితే దెయ్యం లేదా మామా?" అని అడిగాను. ఆయన గంటను పై పంచెతో తుడిచి జేబులో వేసుకున్నాడు. "దెయ్యమయ్యుంటే బాగుండు పాపా" అన్నాడు. ఆ జవాబు నాకప్పుడు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చాక మామ గోడ మీద నుంచే జేజిని పిలిచాడు. "పోనియ్యి పెద్దమ్మా. గంట పీకేసినా. పాపకు నోరు ఉండాది" అన్నాడు. "అదొక్కటి మాత్రం శానా ఉండాది" అంది మా జేజి, కళ్లు తుడుచుకుంటూ. నేను ఎనిమిదిలో చేరాను.

మొదటి రోజు మామ నాకు ముందు సైకిలు తొక్కాడు, వెనక బొరుగుల మూట ఊగుతుండగా. మలుపు తిరిగి రాతి కుప్ప దగ్గరికి రాగానే ఆయన ఆగి కాలు నేలకు ఆనించాడు. "అమ్మా, కుడిపక్క వస్తాండా" అన్నాడు, ఇంట్లో మాట్లాడినంత మెల్లగా. ముందు ఎవరూ లేరు. బాట అవతలి మలుపు దాకా కనిపిస్తోంది. ఆ మాట రాతికి తగిలి తిరిగి వచ్చింది. ఆయన ఇంకా కాసేపు ఆగాడు, ఎవరో పక్కకు జరగడానికి పట్టేంత సేపు. తర్వాత తొక్కాడు. పోయేటప్పుడు నీళ్లు కుడిపక్కనే ఉంటాయని నాకు అప్పుడు తట్టింది. ఆ చోటు వచ్చేసరికి నేనూ ఆగాను. "అక్కా, కుడిపక్క వస్తాండా" అన్నాను. బడికి పోయినన్ని రోజులూ అంటూనే ఉన్నాను.

ఆయన నేర్పిన పద్ధతి నెమ్మదిగా ఊరి పద్ధతి అయింది. బొరుగులు కొలిచి పోస్తూ ఆ మాట ప్రతి ఇంటి ముందూ చెప్పేవాడు. ఆ తర్వాత ఆ బాటలో ఎవరూ పడలేదు. అయితే గంట వెనక నుంచి మోగిందన్న సంగతి మాత్రం ఊరికి రుచించలేదు. ఎందుకో నేను పెద్దయ్యాక తెలిసింది. గంట ముందర మోగితే అది దెయ్యం. వెనక మోగితే మనిషి. చక్రం తగిలి ఒక ఆడపిల్ల పడిపోవడం చూసి, కేక కూడా వేయకుండా సైకిలు తిప్పుకుని వెళ్లిపోయిన మనిషి. బయటివాళ్లు రాని బాట అది. ఆ మనిషి మా ఊరివాడో, ఫ్యాక్టరీలో మా ఊరివాళ్లతో కలిసి పనిచేసేవాడో అయి ఉండాలి. దెయ్యం అయితే ఎవరి ఇంటి తలుపూ తట్టనక్కర లేదు. "అది దెయ్యమే అప్పా, ఇడిసిపెట్టు" అని పెద్దలు మామకు నచ్చజెప్పేవాళ్లు. ఆయన వాదించేవాడు కాదు. బొరుగులు కొలిచి పోసి, సైకిలు ఎక్కి, మళ్లీ అదే బాటన పోయేవాడు.

నేను ఇప్పుడు టౌనులో ఉంటున్నాను. పొద్దున్నే నడిచేవాళ్లకు, సైకిళ్లకు కలిపి వేసిన బాట ఒకటుంది మా ఇంటి దగ్గర. నా సైకిలుకు మంచి గంట ఉంది, అంగడివాడే బిగించి ఇచ్చాడు. దాని మీద నా వేలు పోదు. దూరం నుంచే, "అన్నా, కుడిపక్క వస్తున్నా" అని చెప్పి కాలు కింద పెడతాను. కొందరు నవ్వుతారు. కొందరు వెనక్కి తిరిగి, చేత్తో పొమ్మని చూపిస్తారు. కొందరికి చెవుల్లో పాటలుంటాయి, వాళ్ల వెనక దిగి నడుస్తాను. వీపు తిప్పి నడిచే మనిషి నన్ను నమ్మి నడుస్తున్నాడని ఆ సాయంత్రమే తెలుసుకున్నాను.

పత్రిక పనిలో చేరాక ఊరికి పోయినప్పుడల్లా పాత మనుషుల్ని కదిపి చూశాను. నిదానంగానే అడిగాను, కోపంగా కాదు. షెడ్డు ఆడవాళ్లు ఇప్పటికీ గంట ముందర మోగిందనే చెబుతారు. మగవాళ్లు మాట మార్చి వానల సంగతి ఎత్తుతారు. మామ పోయి కొన్నేళ్లయింది. ఆయన చివరి రోజుల్లో ఇంటి వసారాలో మంచం మీద పడుకుని, వచ్చిపోయే ప్రతి మగవాడి మొహం వైపూ ఓపికగా చూసేవాడని మా అమ్మ చెప్పింది. ఎవరూ ఏమీ చెప్పలేదు.

హైస్కూలుకు పోయిన మూడేళ్లలో ఆ బాట మీద నా వెనక ఎన్నో గొంతులు వచ్చాయి. "పాపా, ఎడంపక్క వస్తాండా" అని ఎంతో మర్యాదగా చెప్పి, కాలు నేలకు ఆనించి ఆగేవాళ్లు. "రా మామా" అనేదాన్ని, "రా అన్నా" అనేదాన్ని. వాళ్లు నీళ్ల పక్క నుంచి మెల్లగా దాటిపోయేవాళ్లు. ఆ గొంతుల్లో ఒకటి ఆ రోజు గంట కొట్టినవాడిదే. అది ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.