ఒక్కపారే పొడవమన్న కాక

మొన్న మా పాపకు బడి మొదలయ్యే ముందు పడాల్సిన ఐదేళ్ల సూది కోసం దవాఖానకు వెళితే, స్పిరిట్ దూది వాసన తగలగానే, మా క్వార్టర్ల వరుస, పొద్దున్నే ఇంటింటి ముందు రాజుకునే బొగ్గుపొయ్యిల పొగ, బతుకమ్మ నాటి సత్తుపిండి, నువ్వుల ముద్దలు, ఆ పొగలో అరుగెక్కి కూర్చున్న పక్కింటి మల్లయ్య కాక, అన్నీ కళ్లముందుకొచ్చాయి.

కాక గనిలో బొగ్గు నింపేవాడు. గని బయట మాత్రం డాక్టరు, వకీలు, పురోహితుడు. ‘తెలియదు’ అనే మాట ఆయన నోట పుట్టలేదు. పుట్టాలంటే కాస్త తెలివి ఉండాలి మరి.

చెల్లెలు లతకు పసితనంలో, కోరింత దగ్గులాంటివి రాకుండా వేసే మూడు సూదుల్లో ఒక్కటే పడింది. రెండోదానికి బతుకమ్మ, మూడోదానికి మేనమామ పెళ్లి అడ్డొచ్చాయి. నాలుగేళ్లు నిండి, జూన్‌లో బడికి పంపాలనగా అమ్మకు భయం పట్టుకుంది. నాన్న మొదటి షిఫ్టులో ఉన్నాడు కనుక, దవాఖానకు మా వెంట పెద్దమనిషిగా కాక వచ్చాడు. గనిలో ఏడాదికి ఇన్నని మస్టర్లు, అంటే హాజర్లు, ఉండాలి. తక్కువైతే ఆదివారాలు పనిచేసి నింపుకుంటారు. కాక తన వైద్యమంతా అక్కడినుంచే తవ్వుకొచ్చాడు.

"ఏంది సిస్టరమ్మా, మస్టర్లు తక్కువైతె మేం నింపుకుంటలేమా? గట్లనే రెండు సూదులు ఒక్కపారే పొడువు, పీడ పోతది."

"ఇవి నీ మస్టర్లు కాదు కాకా. ఇయ్యాల ఒకటి, నెల ఆగి ఇంకోటి. ఎన్కట ఏసింది యాడికి పోలే."

"నెల నెల నీ మొకం సూడనీకి మాకు పనిలేదా?"

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను; నవ్వే డ్యూటీకి నేనెప్పుడూ ఆలస్యంగా పోలేదు. కాక లతను భుజాన వేసుకుని బయటికి నడిచాడు. సూది వేయించకుండానే, నోరు లేని అమ్మ వెనకే నడిచింది.

ఆ వానాకాలం లతకు కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి ముఖం నీలమయ్యేది, తిన్న అటుకులన్నీ కక్కేది. కొత్త పలక మేకుకే వేలాడింది; బడి ఏడాది వెనక్కి పోయింది. పరామర్శకొచ్చిన కాక, "దిష్టి తాకింది" అని తేల్చి, చాయ్ తాగి పోయాడు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు, ఆ అరుగు ఓపెన్‌కాస్టు గని తవ్విన గోతిలో కలిసిపోయాయి. కాక కూడా పోయాడనే అనుకున్నాను. మొన్న వరుసలో మా ముందున్నాయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "సిస్టర్, మా బాబుకు తప్పిన రెండు డోసులు ఒక్కపారే ఏసెయ్యరాదు? మల్ల లీవు దొరకది" అన్నాడు.

మాకు తోడొచ్చి, మా పాపను ఒళ్లో పెట్టుకుని కార్డు మీది తేదీలు చూస్తున్న లత, నాకు మాత్రమే వినబడేలా అంది:

"అన్నా, కాక ఇంకా డ్యూటీ దిగలేదే."