వలతాడు కట్టిన చక్రం

తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ కుప్పం ఒకటి ఉంది. పంతొమ్మిది వందల అరవై ప్రాంతంలో ఆ కుప్పం మొత్తానికి ఒకటే సైకిలు. అది చెంచయ్యది.

అతనూ ఆ కుప్పంలో పుట్టినవాడే. వయసులో ఉండగా తెప్ప తిరగబడి తమ్ముడు కళ్ళముందే మునిగిపోయాడు. ఆ తర్వాత చెంచయ్య నీళ్ళలోకి దిగలేదు. దిగనివాడికి అక్కడ పనేముంటుంది? నెల్లూరులో పాత సైకిలు కొని, ఎండుచేపల గంప వెనక కట్టుకుని మెట్ట ఊళ్ళలో అమ్మేవాడు. అది ఆడవాళ్ళ పని అని మగవాళ్ళు ఎగతాళి చేసేవారు. ఎవరైనా పోయినప్పుడు మాత్రం వాళ్ళే అతని గుడిసె ముందుకు వచ్చి నిలబడేవారు. దూరాన ఉన్న బంధువులకు చావు కబురు తీసుకుపోయేది అతనే.

ఒక ఎండాకాలం తెల్లవారుజామున అంకాలమ్మ అనే ముసలావిడ పోయింది. ఆమెకు ఉన్నది ఒక్క కూతురు, పోలేరమ్మ. పులికాటు సరస్సు ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. దారి బాగుంటే సైకిలు మీద మధ్యాహ్నానికి చేరవచ్చు.

"రేపు పొద్దెక్కేదాకా ఉంచతాం," అన్నాడు కుప్పం పెద్ద చిన్నపోలయ్య. "ఈ ఎండకి అంతకు మించి శవం ఆగదు. అందాకా పొయ్యి ఎలిగించేది లేదు, తెప్ప దించేది లేదు. బిడ్డ దాని తల్లి మొకం చూడాల. బిరీన పో."

చెంచయ్య లోపలికి వెళ్ళి శవాన్ని చూసి, దణ్ణం పెట్టుకుని వచ్చాడు. దూరప్రయాణం గదా అని సైకిలుకు నూనె పెట్టాడు. ఇంట్లో మామూలు నూనె లేదు. తెప్పలకూ పడవలకూ పూసే సొరచేప నూనె ఉంది. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానే చెక్కను కాపాడే నూనె ఇనుముకు మాత్రం మంచిది కాదా అనుకుని, చైనుకూ వెనక చక్రం ఇరుసుకూ ధారాళంగా పోశాడు.

కృష్ణపట్నం దగ్గర పడవ మీద ఏరు దాటేదాకా సైకిలు బాగానే నడిచింది. అవతల ఉప్పుమడుల గట్టు మీద ఉన్నట్టుండి కాళ్ళకింద బరువు పోయింది. పెడలు తిరుగుతోంది, చైను తిరుగుతోంది, వెనక పళ్ళబిళ్ళా తిరుగుతోంది. చక్రం మాత్రం కదలడం లేదు. ఫ్రీవీలు అనే ఆ పళ్ళబిళ్ళ లోపల చక్రాన్ని పట్టుకునే చిన్న కొక్కేలు ఉంటాయి. సొరనూనె ఎండకు జిగురై, ఇసుకను పట్టుకుని, వాటిని కదలకుండా అంటించేసింది.

మడిలో ఉప్పు లాగుతున్న హెబ్రోను అనే కూలీ తలెత్తి చూశాడు.

"ఏందబ్బయ్యా, తొక్కతా ఉండావు, ఉండేకాడే ఉండావు. పొయ్యే ఊరే నీకాడికి రావాల్నా?"

"ఫ్రీవీలు పట్టుకోలేదన్నా. చావు కబురు తీసకపోతా ఉండా."

హెబ్రోను ఉప్పు లాగే పలక కింద పెట్టి గట్టెక్కాడు. వేలితో నూనె తీసి వాసన చూసి, మొహం చిట్లించాడు.

"సొరనూనె. నీది సైకిలా, తెప్పా? కిరసనాయిలు పోసి కడిగితే ఒదల్తది. ఊళ్ళోకి పోవాల, ఆమడ దూరం."

"నడిచి పొయ్యొచ్చేలోపల పొద్దు గూకతాది."

చెంచయ్య సైకిలును తలకిందులు చేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మొలకు చుట్టుకున్న వలతాడు విప్పాడు. సముద్రం వదిలినా ఆ అలవాటు వదల్లేదు. పళ్ళబిళ్ళను చక్రం పుల్లలకు ఆనించి, చుట్టూ తాడు తిప్పి, వల ముడులు వేసి బిగించాడు. హెబ్రోను చక్రాన్ని కదలకుండా పట్టుకున్నాడు. ఇప్పుడు బిళ్ళ తిరిగితే చక్రం తిరగక తప్పదు.

సైకిలు కదిలింది. కానీ కాళ్ళకు విశ్రాంతి లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడలూ తిరుగుతుంది. ఆపితే పిక్కల మీద తంతుంది. పుల్లల ఒరిపిడికి తాడు తెగుతుంటే దిగి మళ్ళీ కట్టేవాడు. అలా పోలేరమ్మ గుమ్మం చేరేసరికి పొద్దు పడమటికి వాలింది.

చావు కబురును గుమ్మంలో సూటిగా చెప్పకూడదు. ఒంట్లో బాగాలేదని చెప్పి మనిషిని బయల్దేరదీయాలి. కబురు తెచ్చినవాడు ఆ ఇంట నీళ్ళు ముట్టకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

"మీ అమ్మకు నలతగా ఉంది మే. నిన్ను చూడాలంటా ఉంది," అన్నాడు.

"నలతేగా? పెనిమిటి వల తీసుకుని సరస్సులోకి పొయినాడు, వస్తే చెప్పి పోదాం," అంది పోలేరమ్మ. "అమ్మకు రొయ్యల పొడి అంటే పేణం. రోంత దంచుకుంటా."

రొయ్యలు వేయించింది. రోట్లో దంచింది. చెంచయ్య వసారాలో నిలబడి ఉన్నాడు. ఒకటి రెండుసార్లు "పోదాం మే" అన్నాడు. అంతకన్నా గట్టిగా చెప్పడానికి నోరు రాలేదు. చివరికి ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి అందించబోయింది.

"ఒద్దులే."

"ఇంత ఎండలో వచ్చి ఒద్దంటావేం? తాగన్నా."

అతను తల తిప్పుకున్నాడు. పోలేరమ్మ అతని ఎండిపోయిన పెదవుల వైపు చూసింది. చెంబు మెల్లగా నేలమీద పెట్టింది.

"ఎప్పుడు?" అంది.

"తెల్లారుజామున."

వెంటనే బయల్దేరారు. ఆమె వెనక కూర్చుంది. ఇద్దరి బరువుకు ముడులు ఆగలేదు. మూడోసారి తెగినప్పుడు కట్టడానికి తాడు మిగల్లేదు. సైకిలును తోసుకుంటూ చెంచయ్య, కొంగు నోట్లో కుక్కుకుని పోలేరమ్మ, చీకటిపడ్డాక కూడా నడిచారు. ఏరు దగ్గర పడవవాడు తెల్లవారితేగానీ రానన్నాడు.

వాళ్ళు కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గుడిసెల మీద పొయ్యిల పొగ కనిపించింది. పోలేరమ్మ ఇంటివైపు వెళ్ళలేదు. నేరుగా సరుగుడు తోపు వెనకకు, పాతిపెట్టే చోటికి నడిచింది. అక్కడ కొత్త ఇసుక దిబ్బగా ఉంది.

చిన్నపోలయ్య వెనకే వచ్చాడు. "యాడ తొంగున్నావురా? సారాయి అంగడి కనబడిందా?"

"ఫ్రీవీలు పోయింది పెద్దయ్యా."

"అదేందిరా?"

చెంచయ్య చక్రం చూపించాడు. తెగిన తాడు ముక్కలు వేలాడుతున్నాయి. కుప్పంలో ఇంకెవరికీ సైకిలు సంగతి తెలియదు. పెద్ద వెంట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

"రోంత ఇసక తీయండి. మొకం చూసి మళ్ళీ కప్పేస్తా," అంది పోలేరమ్మ.

"కప్పిన ఇసక తీయగూడదమ్మా," అని పెద్ద కూడా వెళ్ళిపోయాడు.

ఆమె దిబ్బ పక్కనే చతికిలబడింది. చెంచయ్య కొంచెం దూరంలో కూర్చున్నాడు. ఆమె అతని వైపు తిరిగి అడిగింది.

"నువ్వు చూసినావు గదన్నా. ఎట్టా ఉన్నింది?"

అతను చెప్పాడు. తల దువ్వి ముడేశారని, పసుపు పూశారని, గడ్డం కింద తెల్లగుడ్డ కట్టారని, ముక్కుపుడక తీయలేదని. ఆమె ఇంకా అడుగుతూ ఉంది, అతను గుర్తున్నంతవరకూ చెబుతూ ఉన్నాడు.

"కళ్ళు?"

ఒక కన్ను మూతపడలేదు. ఆడవాళ్ళు ఎన్నిసార్లు నొక్కినా మళ్ళీ తెరుచుకుంది. బిడ్డ కోసం చూస్తోందని వాళ్ళలో ఎవరో అనడం కూడా అతను విన్నాడు.

"మూసుకునే ఉన్నాయి మే," అన్నాడు చెంచయ్య.

ఆమె తల ఊపింది. అమ్మ ఒంటికి నీళ్ళెవరు పోశారని అడిగింది.