మూడోసారి తిరిగొచ్చిన అద్దం

లాల్ బాషాకు ఒళ్లు మండిపోయింది. ఉదయగిరిలో నలభై ఏళ్లుగా కళ్లద్దాలు సానపడుతున్నాడు. ఎవరి కళ్లజోడైనా సరే, కిటికీ చువ్వల ముందు అటూ ఇటూ ఆడించి నంబరు చెప్పేస్తాడు. అలాంటివాడి అద్దం ముచ్చటగా మూడోసారి వెనక్కొచ్చింది. ఆత్మకూరు బస్సు కండక్టరు తెచ్చిన పొట్లంలో చీటీ కూడా ఉంది: "చారలు పోలేదు భాయ్."

పంపింది ఆత్మకూరు కాలేజీలో జువాలజీ చెప్పే అనురాధ. చేపగుడ్డును కోయకుండా, చంపకుండా, లోపల గుండె కొట్టుకోవడం చూడాలని ఆమె పట్టు. దానికి లేజరు వెలుతురును కాగితంలా పలచగా పరిచే అద్దం కావాలి. ఆ వెలుతురు పక్కనుంచి గుడ్డులోకి దూరితే, తాకిన పొర ఒక్కటే వెలుగుతుంది. పైనుంచి మైక్రోస్కోపులో చూసుకోవడమే. అద్దం వేలిగోరంత. వెలుతురును ఒక్క దిక్కునే వంచే సిలిండర్ నంబరు మాత్రం ఏ మనిషి కంటికీ ఉండనంత.

"చాల్లే అబ్బా, ఈ గాజు అరగదీసే పని," అన్నాడు కొడుకు అన్సార్. "రెడీమేడ్ అద్దాలు రెండు రోజుల్లో వస్తుండాయి. ఈ సాన మిషను తీసేసి ఆ మూల ఫ్రేముల షోకేసు పెడదాం."

"ఈసారి కూడా బాగలేదంటే మిషను పాతసామాన్లోడికి ఏసెయ్ రా, పో!"

కోపంలో నోరు జారాడు. అద్దాన్ని స్పిరిటుతో తుడిచి ఎండలో చూశాడు. ఒక్క గీత లేదు. ఫ్రేములో ఎటు తిప్పి బిగించాలో తెలియడానికి ఎప్పటిలాగే వరసగా మూడు సిరా చుక్కలు పెట్టి, ఈసారి తనే బస్సెక్కాడు.

అనురాధ అద్దం బిగించి లేజరు వెలిగించింది. "చూడండి భాయ్. మళ్లీ అవే!"

బాషా వంగి చూశాడు. పచ్చగా వెలుగుతున్న గుడ్డుకు అడ్డంగా మూడు నల్లచారలు. మూడు. వరసగా. తను పెట్టిన చుక్కల్లాగే.

"మీ గాజులోనే ఏదో ఉండాది," అందామె.

"గాజులో ఏం లేదు, నా చేతిలో ఉండాది." అద్దం లాగి దూదితో గట్టిగా తుడిచాడు. "సిరా మేడమ్ ఇది! బిగించినాక ఎవరైనా తుడిచేస్తారు. మీరు తుడవలేదా?"

"మీరేదో గుర్తు పెట్టినారని ముట్టుకోలేదు!"

"ఇంత చదువుకున్నారు, ఒక్క మాట అడగొచ్చు గదా!"

"నలభై ఏళ్ల అనుభవం, ఒక్క మాట చెప్పొచ్చు గదా!"

మళ్లీ బిగించారు. చారలు లేవు. గసగసంత గుండె ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. బాషా కన్ను తియ్యలేదు. ఇంతలో అన్సార్ ఫోను చేశాడు.

"అబ్బా, పాతసామాన్ల మాల్యాద్రి వచ్చినాడు. మేడమ్ ఎట్లాగూ బాగలేదనే అంటారని మిషను ఆటోలోకి ఎక్కించేసినాం."

"దించండ్రా!" అంటూ బాషా బల్లమీద చరిచాడు.

గుడ్డు కదిలి మైక్రోస్కోపు చూపులోంచి జారిపోయింది.

"భాయ్!" అని అనురాధ అంతకంటే గట్టిగా అరిచింది.