కోటను అద్దెకు చూసిన పెదనాన్న

పెదనాన్న ఏ కట్టడంలో కాలు పెట్టినా, దాన్ని అద్దెకు తీసుకోబోయేవాడిలా పరీక్షించనిదే వదిలిపెట్టడు. ఆసుపత్రికి పరామర్శకు వెళ్తే, రోగిని పలకరించేలోపే గోడకు చెమ్మ ఎక్కుతోందేమో తట్టి చూస్తాడు. న్యాయస్థానం చూపిస్తానని తీసుకువెళ్తే, వాదనలు జరుగుతుండగానే, "గాలి ఆడదే ఈ హాల్లో, మనకొద్దు" అని గుసగుసలాడాడు.

అటువంటి మనిషిని వెంటబెట్టుకుని రాజుల కోట చూడబోవడం లాయరమ్మ చేసిన పొరపాటు. న్యాయశాస్త్రం చదివిన ఆ పిల్లను ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. లోకంలోని అన్యాయాలన్నిటినీ ఈ ఏడాదిలోపే సరిదిద్దేయాలని ఆమె తొందర. ఆనాటి తొందర మాత్రం వేరు. ఆ కోటలో కొండకొమ్మున ఉన్న రాణి మేడ నుంచి నది మలుపు చూడాలని పెద్దమ్మకు ఎన్నాళ్ళదో కోరిక. సాయంత్రమైతే ఆ మేడ తలుపులు మూసేస్తారు.

మొదటి మలుపులోనే పెదనాన్న ఆగి, వేలి కణుపులతో గోడను తట్టి చెవి ఆనించాడు.

"గైడుగారూ, వానాకాలం ఇక్కడ కారుతుందా?"

"ఇది ఆయుధశాల సార్."

"అయితే మాత్రం? కత్తులు తుప్పు పట్టవూ?"

గైడు బుర్ర గోక్కున్నాడు. పెద్దమ్మ పక్కనున్న రాతి అరుగు మీద చతికిలబడింది. "ఈయనతో ఎక్కడికొచ్చినా ఇంతే. నలుగురిలో పరువు తీస్తారు!"

దర్బారులో స్తంభాలు ఎక్కువై మంచాలు పట్టవన్నాడు. అంతఃపురానికి స్నానాలగది మరీ దూరమన్నాడు. ఏనుగులు పట్టే ద్వారం ముందు నిలబడి, "దీనికి దోమతెర కుట్టించాలంటే ఇంకేమైనా ఉందా!" అని నిట్టూర్చాడు.

"పెదనాన్నా, కోటని ఎవరూ అద్దెకివ్వట్లేదు! పైన మూసేస్తారు, పదండి!"

"ఇవ్వకపోతే పోనీవే. అడగడానికేం?"

ఆఖరి మెట్లవరుస దగ్గర ఆయన మళ్ళీ ఆగేసరికి లాయరమ్మ సహనం నశించింది. ఆయన ఆమెను పక్కకు లాగి గొంతు తగ్గించాడు.

"అరవకు తల్లీ. మీ పెద్దమ్మ మోకాళ్ళ సంగతి తెలుసుగా? 'కాసేపు కూర్చుంటావా' అన్నామంటే, 'నేనేమన్నా ముసలిదాన్నా' అని వెనక్కి తిరిగి దిగిపోతుంది. పోయినసారి అలాగే సగంలో దిగిపోయింది. అదే నన్ను తిట్టడానికైతే తీరిగ్గా కూర్చుంటుంది."

లాయరమ్మ వెనక్కి చూసుకుంది. ఆయన తట్టిన ప్రతి గోడ పక్కనా ఒక అరుగు ఉంది.

అప్పటికే పైన కాపలాదారు ఒక తలుపు మూసి రెండోదాని మీద చెయ్యి వేశాడు. లాయరమ్మ రెండేసి మెట్లు దూకుతూ వెళ్ళి గడపలో నిలబడింది. "వేళ కాకుండా మూసే అధికారం మీకెవరిచ్చారు?" అని మొదలుపెట్టిన ఆమె వాదన, పెద్దమ్మ నెమ్మదిగా పైకి చేరేదాకా ఆగలేదు.

కిటికీలోంచి నది వెండితీగలా మెలికలు తిరుగుతూ కనబడింది. పెద్దమ్మ కళ్ళారా చూసి, తృప్తిగా ఊపిరి తీసుకుని, లాయరమ్మ చెవిలో అంది:

"మీ పెదనాన్నకి ఆయాసమే పిల్లా. బయటికి చెప్పుకోరు, గోడలు తడుతున్నట్టు నటిస్తారు. మనం అడిగితే చిన్నబుచ్చుకుంటారని, పాపం, ఆగినచోటల్లా నేనూ తోడు కూర్చుంటూ వచ్చాను."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, లాయరమ్మకు ఏ పక్షం వాదించాలో తెలియలేదు.