కోడిజుట్టు పువ్వు కోసం సంత్రాగాఛికి

అమ్మ అల్లిన లేసు గుడ్డను నేనే పాడుచేశాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నయం, ఈ ప్రయాణానికి కారణం అదే.

నరసాపురంలో మా చర్చి బల్ల కోసం అల్లిన గుడ్డ అది. అంచు పూర్తికాకుండానే అమ్మ పోయింది. నాలుగు మూలల్లో నాలుగు పువ్వులు, అన్నీ ముడతలు పడి పైకి లేచాయి. మాకు లేసంటే బల్లకు అంటుకుపోయినట్టు పరుచుకోవాలి, లేకపోతే లేసు కొనే షావుకారు తిప్పి పంపేస్తాడు. జబ్బుతో లెక్క తప్పిందనుకుని విప్పడం మొదలుపెట్టాను. మూడోది విప్పేశాక గాని బుర్ర వెలగలేదు. తప్పయితే అన్నిట్లోనూ ఒకేలా ఎందుకు పడుతుంది? ఇక దిక్కు అమ్మతోపాటు లేసు నేర్చి, కలకత్తా పక్కన సంత్రాగాఛిలో ఉంటున్న పిన్ని ఒక్కతే.

నిడదవోలులో సాయంత్రం ఆరింటికి రైలెక్కాను. పులిహోర రాత్రికి సరిపోయింది, పొద్దున ఖుర్దా రోడ్డులో పూరీలు తిన్నాను. మూడు దాటాక సంత్రాగాఛిలో దిగి, పదిహేను రూపాయల రిక్షాలో రైల్వే క్వార్టర్సుకు చేరాను.

పిన్ని నలభై ఏళ్ళుగా ఆ క్వార్టర్సులోని విజయనగరం వాళ్ళ మధ్య ఉండి వాళ్ళ మాటే మాట్లాడుతుంది. చూపు పోయింది. మిగిలిన పువ్వును వేళ్ళతో తడిమింది.

"ఏటే, మూడూ విప్పీసినావా? ఇది కోడిజుట్టు పువ్వే. పెరట్లో పువ్వు సూసి మీ అమ్మే కట్టింది లెక్క. నాను మర్సిపోనాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఉన్న ఒక్కటీ విప్పి చూసే ధైర్యం మాకు లేదు.

మర్నాడు పదింటికి పిన్ని మనవరాలు రూతు నన్ను నెట్ సెంటరుకు తీసుకెళ్ళింది. అరగంటకు పది రూపాయలు. తెర మీద అచ్చం అలాంటి అల్లికలే.

"దేఖో అత్తా, సముద్రంలో పగడాలు కూడా ఇట్లానే పెరుగుతాయంట. లెక్కల టీచర్లు కూడా పాఠం చెప్పడానికి ఇలాంటివి అల్లుతున్నారంట. ప్రతి వరసలో ఒకే లెక్కన కుట్లు పెంచాలంట. చోటు చాలక మడత పడిపోతుంది."

ఎన్ని కుట్లకొకటి పెంచాలో మాత్రం అమ్మకే తెలుసు. ఇంటికొచ్చి కుట్టుకుట్టుకీ పెంచితే క్యాబేజీ అయింది. అయిదింటికొకటి పెంచితే ముడత చాల్లేదు. మూడింటికొకటి పెంచి పిన్ని చేతిలో పెట్టాను. రెండు పువ్వులనూ చాలాసేపు తడిమింది.

"ఇదే. మా అప్ప సెయ్యి," అని అక్కను తలుచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

నాలుగోనాడు తిరుగు రైలెక్కాను. పిన్ని వేళ్ళకు, రూతు ఓపికకు, ఎక్కడో కూర్చుని ఆ బొమ్మలు నెట్‌లో పెట్టిన మహానుభావులకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. ఖరగ్‌పూర్ దాటేసరికి, విప్పేసిన మూడింట్లో రెండో పువ్వు అల్లడంలో పడ్డాను. ఎదురు సీట్లో కలకత్తా ఏక్‌బాల్‌పూర్ నుంచి సొంతూరు వెళ్తున్న రేవు కూలీ ఒకాయన చాలాసేపు చూసి అన్నాడు:

"అంచు ముడత పడిపోతంది. లెక్క తప్పినట్టున్నారు, సూసుకోండమ్మా."

"లెక్క సరిగ్గానే ఉంది బాబూ," అన్నాను. "మా అమ్మది."