కొయ్యతల్లి ఒడి

మా అమ్మాయికి కాలేజీలో ఆర్ట్ హిస్టరీ క్లాసు ఉంది. మ్యూజియంలో ఒక్క శిల్పం ఎంచుకుని, కళ్ళకు కనిపించింది మాత్రమే రాయాలట. కథ రాయకూడదు, భక్తి రాయకూడదు. శనివారం మేముండే ట్రాయ్ నుంచి డెట్రాయిట్‌కి తనే డ్రైవ్ చేస్తూ నన్నూ తోడు రమ్మంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఏం చేస్తానని వెళ్ళాను.

తను ఎంచుకున్నది మధ్యయుగాల నాటి కొయ్యబొమ్మ. సిలువ మీంచి దించిన కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మేరీమాత. జర్మనీలో ఏదో చర్చిలో ఉండేదట. రంగులు చాలావరకు రాలిపోయాయి. పైవస్త్రం మడతల్లో కాస్త నీలం, కొడుకు పక్కటెముకల దగ్గరి గాయంలో కాస్త ఎరుపు మిగిలాయి.

"అమ్మా, సైజ్ చూడు. మేరీ పెద్దగా ఉంది, ఆయన చాలా చిన్నగా ఉన్నాడు. గడ్డం ఉంది, కానీ బాడీ కిడ్‌లా ఉంది. వియర్డ్ కదా?"

నేను బొమ్మకి ఇంకాస్త దగ్గరగా వెళ్ళాను.

"నువ్వు చెప్పు, నేను టైప్ చేస్తా. జస్ట్ ఏం కనిపిస్తుందో అదే."

చెప్పాను. ఆమె కుడిచెయ్యి అతని మెడ కింద ఉంది. వేళ్ళు బిగించలేదు. అతని తల వెనక్కి వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. కాళ్ళు బిగుసుకుపోయాయి.

"ఎడమచెయ్యి ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియట్లేదు," అన్నాను.

"అది ఇంటర్‌ప్రెటేషన్ అమ్మా. అలా రాయకూడదు."

మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు నాకు బాబు పుట్టాడు. పుట్టేసరికే ఊపిరి లేదు. నర్సు దుప్పట్లో చుట్టి తెచ్చి, ఎత్తుకుంటారా అని అడిగింది. అలవాటుగా ఒక చెయ్యి మెడ కింద పెట్టాను. రెండో చేత్తో ఏం చేయాలో తోచలేదు. జోకొట్టడానికి లేదు, దుప్పటి సర్దినా ఒకటే, సర్దకపోయినా ఒకటే. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్ లాట్ వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

బొమ్మ వెనక్కి నడిచాను. అటువైపు మనిషే లేదు. కొయ్యంతా తొలిచేసి ఉంది, ఉలి గాట్లు కనిపిస్తున్నాయి.

"వుడ్ క్రాక్ అవ్వకుండా అలా హాలో చేస్తారు. వాల్‌కి పెడతారు కదా, ఎవరూ చూడరు," అంటూ తనూ వెనక్కి వచ్చింది. నా ముఖం చూసి ఆగిపోయింది. "అమ్మా? ఏడుస్తున్నావా?"

"నీకో తమ్ముడు..." అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసు," అంది మెల్లగా. "నాన్న చెప్పాడు, చిన్నప్పుడే. నిన్ను అడగొద్దన్నాడు."

ఇన్నేళ్ళూ ఇద్దరూ తెలిసే నా చుట్టూ జాగ్రత్తగా మసలారన్నమాట. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"నేనేం చేయాలి అమ్మా?"

"ఏం లేదు నాన్నా," అన్నాను. నిజంగానే ఏమీ లేదు.

టీచరు వెంట బడిపిల్లల గుంపు వస్తుంటే పక్కకి జరిగి చోటిచ్చాం. పిల్లలు బొమ్మ చుట్టూ మూగి, ఆ కాళ్ళు చూసి ఏదో గుసగుసలాడుకున్నారు.

"వాడి పేరేంటి?" అని అడిగింది తను.

పెట్టలేదని చెప్పాను.